మందు మీద కోటు

ఆ రోజు పొద్దున్న మా అన్నయ్య ఇంటి ముందుగదిలో ఇసుక వేస్తే రాలనంత జనం. అంతమంది వచ్చింది నాలుగు దోమల్ని చూడటానికి. కొందరు కిటికీ ఊచలు పట్టుకుని వేలాడుతున్నారు, కొందరు గుమ్మంలో కుర్చీలు ఎక్కారు, లోపల చోటు దొరికిన అదృష్టవంతులు మునివేళ్ల మీద నిలబడి మెడలు సాచి చూస్తున్నారు. గోడకి టేపుతో అంటించిన ఒక ప్లాస్టిక్ గరాటు, దాని మూతికి దూది, లోపల మా సూపర్‌వైజర్ మేడమ్ పెట్టెలో పెట్టి తెచ్చిన దోమలు. అవి ఆఫీసులో పెంచినవి, ఏ జబ్బూ లేనివి. ఆ మాట నేను గొంతు పోయేలా చెబుతున్నా "తప్పించుకుని కుడితే?" అని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

నేను దోమల మందు కొట్టే జట్టుకి పెద్దని. వీపున పంపు, ముఖానికి మాస్కు, కాళ్లకి బూట్లు వేసుకుని వీధిలో అడుగుపెట్టానంటే పిల్లలు "దోమలత్త వచ్చింది" అని కేకలు పెడతారు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు మా అత్తగారు కూడా ఫోనులో నా పేరు అలాగే రాసుకున్నారు, ఇంక ఎవరిని కోప్పడను?

మా మందు గాలిలోకి కొట్టేది కాదు, గోడకి పట్టించేది. మలేరియా దోమ మనిషిని కుట్టి కడుపు నింపుకున్నాక బరువెక్కి ఎంతో దూరం ఎగరలేదు. దగ్గర్లో ఉన్న గోడ మీద వాలి కాసేపు సేదతీరుతుంది. అక్కడున్న మందు కాళ్లకి అంటుకుంటే దాని పని సరి, ఇంకొకరిని కుట్టడానికి మిగలదు. ఆ రోజు పరీక్ష కూడా అదే. గరాటులో దోమలు గోడ మీద వాలాలి, కాసేపటికి కాళ్లు తన్నుకుని కింద పడాలి. పడితే గోడ మీద మందు ఉన్నట్టు, పడకపోతే లేనట్టు.

పరీక్ష ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, ఊరంతా తగ్గిన జ్వరాలు ఈ ఒక్క వీధిలోనే తగ్గలేదు. ఇది ఇళ్లకి రంగులు వేసేవాళ్ల వీధి. వెనక వీధిలో బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు ఉంటారు. రెండు వీధుల్లోనూ కొట్టింది నా జట్టే, అదే మందు, అదే పంపు. అక్కడ జ్వరం మాయమైంది, ఇక్కడ ఇంటికొకరు దుప్పటి కప్పుకుని వణుకుతున్నారు. మీటింగులో సూపర్‌వైజర్ మేడమ్ "అన్నయ్యగారి వీధి కదా, టీ తాగి కబుర్లు చెప్పి వచ్చేశారేమో" అంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నేనే అడిగి ఈ పరీక్ష పెట్టించాను.

కానీ నా పరువు సంగతి తర్వాత. నన్ను నిద్రపోనివ్వనిది మా వదిన. ఆవిడకి ఏడో నెల. పోయినసారి ఇదే వానల ముందు మలేరియా వచ్చి, ఆరో నెలలో కడుపులో పాప పోయింది. ఈసారి మూడో నెలలోనే ఒకసారి జ్వరం వచ్చి తగ్గింది. డాక్టరమ్మ మాట దాచలేదు. "ఇంకోసారి వస్తే తల్లికీ ప్రమాదమే, బిడ్డ దక్కుతుందని నేను చెప్పలేను" అంది. ఇప్పుడు ఆవిడ గుమ్మం పక్కన కుర్చీలో, పొట్ట మీద చేతులు పెట్టుకుని, రెప్ప వేయకుండా ఆ గరాటు వైపే చూస్తోంది. బయట అప్పుడే మబ్బు పడుతోంది.

"వాలింది! వాలింది!" అని అరిచాడు లప్పం బాబాయి. గోడకి లప్పం పట్టించడంలో ఆయన్ని మించినవాడు లేడు కాబట్టి ఆ పేరు. "అదిగో, రెండోది కూడా వాలింది. ఇప్పుడు చూడండి తమాషా!"

చూశాం. దోమ వాలింది, కాళ్లు సర్దుకుంది, వెనక కాలు ఎత్తి తీరిగ్గా నిమురుకుంది. కాసేపటికి లేచి ఒక చుట్టు తిరిగి మళ్లీ వాలింది. అత్తారింటికి వచ్చిన కొత్తల్లుడికి కూడా అంత నిమ్మళం ఉండదు.

"ఏమ్మా దోమలత్తా, మీ మందు వాటికి బలం మందులా ఉందే!" అన్నారెవరో. గది గొల్లుమంది. నేను కూడా నవ్వేదాన్నే, వదిన మొహం చూడకపోయుంటే.

అంతలో ఇస్త్రీ వీధిలో రెండో గరాటు దగ్గర కాపలా ఉన్న మా డ్రైవరు ఫోను చేశాడు. స్పీకరులో పెట్టాను. "పడ్డాయక్కా! అన్నీ పడ్డాయి! కాళ్లు పైకెత్తి పడున్నాయి! ఇక్కడ జనం చప్పట్లు కొడుతున్నారు!" నిజంగానే చప్పట్లు వినపడుతున్నాయి. మా గరాటులో దోమలు మాత్రం షికారు చేస్తున్నాయి.

నాకు ఉండబట్టలేదు. గోడ దగ్గరికి వెళ్లి గోటితో గీకాను.

"ఏయ్, గోడ!" అని మా అన్నయ్య కెవ్వుమన్నాడు. చెల్లెలి వేలు తెగినా అంత అరవడు. ఆ గోడ మామూలు గోడ కాదు మరి, అది అన్నయ్య నమూనా గోడ. ఈ వీధిలో ప్రతి మేస్త్రీకీ ముందుగదిలో ఒక నమూనా గోడ ఉంటుంది. పని ఇచ్చేవాళ్లు వచ్చి, చేత్తో తడిమి, నునుపు చూసి, రంగు చూసి బేరం మాట్లాడుకుంటారు. మా అన్నయ్య గోడలో మొహం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చు.

గోరు కింద చిన్న పెచ్చు లేచింది. లేత నీలం రంగు. దాని అడుగున తెల్లటి పొడి. ఆ పొడిని నేను గుర్తుపట్టకపోతే ఎవరు గుర్తుపడతారు? అది నా మందు. మందు పైన రంగు.

"ఇదేంటన్నయ్యా?"

"ఏది?"

"మందు మీద ఈ రంగేంటి?"

"కోటు" అన్నాడు, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు. "నువ్వు కొట్టి వెళ్లిన మర్నాడు పైన కోటు వేశా."

"ఎందుకు?"

"మందు రాలిపోకుండా!"

 మా అన్నయ్యకి ఉత్సాహం వచ్చేసింది. "మీరు కొట్టేది పొడిపొడిగా ఉంటుందే. చెయ్యి తగిలితే చేతికి, బట్ట తగిలితే బట్టకి. అలా వదిలేస్తే ఎన్నాళ్లుంటుంది? అందుకే పైన కోటు వేసి లోపల బిగించేశా. ప్రైమర్ కూడా అంతేగా, కనపడకుండా లోపలే ఉండి పని చేస్తుంది."

"మేమందరం వేశాం కదమ్మా!" అన్నాడు లప్పం బాబాయి గర్వంగా. "ప్రైమర్ కొట్టి పైన రంగు వెయ్యకుండా వదిలేసేవాణ్ని మేస్త్రీ అంటారా ఎవరైనా? నువ్వు సగం పని చేసి వెళ్తున్నావు, పాపం ఒక్కత్తివి ఎన్నిళ్లు తిరుగుతావులే అని మిగతా సగం మేమే పూర్తి చేశాం."

గదిలో తలలన్నీ అవునవునని ఊగాయి. ఒకావిడ వంటింట్లో కూడా వేయించానంది. ఇంకొకాయన పైకప్పు కూడా వదల్లేదన్నాడు. సూపర్‌వైజర్ మేడమ్ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని దగ్గర్లో ఉన్న స్టూలు మీద కూలబడింది. ఎవరూ బద్ధకించలేదు, ఎవరూ మందుని కాదనలేదు. వీధి వీధంతా శ్రద్ధగా, సొంత రంగుతో, నా మందుని గోడలో పూడ్చిపెట్టేసింది.

"మందు దోమ కాలికి అంటుకోవాలి అన్నయ్యా" అన్నాను.  "రంగు పైన వాలితే దానికేం అంటుతుంది? నువ్వు దోమకి మెత్తటి పరుపు వేశావు."

అన్నయ్య నవ్వబోయి ఆగాడు. గరాటు వైపు చూశాడు, గోడ వైపు చూశాడు, చివరికి వదిన వైపు చూశాడు. "ఈ గదికి రెండు కోట్లు వేశానే" అన్నాడు మెల్లగా. "ఆవిడ పడుకునేది ఇక్కడే కదాని."

 పోయినసారి కూడా మందు కొట్టిన మర్నాడు ఆ గోడ కొత్తగా మెరుస్తుంటే "ఎంత బావుందో" అని పొగిడినవాళ్లలో నేనూ ఉన్నాను. నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, కానీ వాటికంటే ముందు ఒంట్లో ఏదో ఉరకలు వేసింది. కారణం దొరికింది! ఇన్నాళ్లూ ఎక్కడుందో తెలీని శత్రువు కళ్లెదుట నిలబడింది, దాని మీద మళ్లీ మందు కొడితే చాలు!

"సామాన్లు బయటపెట్టండి" అన్నాను. "మందుబండి ఇక్కడే ఉంది. ఇప్పుడే కొట్టేస్తా. పదండి, పదండి!"

"ఇప్పుడా?" అన్నాడు అన్నయ్య. "మధ్యాహ్నం కాంట్రాక్టరుగారు వస్తున్నారే."

మర్చేపోయాను. కొత్తగా కడుతున్న పెద్ద హోటలు పని. అది దొరికితే వీధిలో సగంమందికి ఏడాదంతా పని ఉంటుంది. అన్నయ్య ఎన్నాళ్లుగానో ఆయన వెంట తిరుగుతున్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన వచ్చి నమూనా గోడ చూసి ఖాయం చేస్తానన్నాడు. మందు కొడితే అద్దంలాంటి ఆ గోడ మీద తెల్లటి మరకలు తేలతాయి.

"ఆయన వెళ్లాక కొడితే?"

"బండి మధ్యాహ్నానికి ఊరవతలకి వెళ్లిపోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. వానలు మన కోసం ఆగుతాయా?"

"పోనీ ఈ ఒక్క గోడ వదిలేసి..."

"దోమకి చెప్పనా, ఈ ఒక్క గోడ మీద వాలకని?"

 వదిన కుర్చీ చేతులు పట్టుకుని నెమ్మదిగా లేచింది, మంచం మీద దిండు తీసి చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. అన్నయ్య ఆవిడ వీపు వైపు ఒక్క క్షణం చూశాడు. తర్వాత మంచం ఒక కొస పట్టుకుని "పట్టండ్రా, చూస్తారేంటి!" అని అరిచాడు.

ఇంక చూడాలి ఆ హడావుడి. గిన్నెలు, బియ్యం డబ్బా, బట్టల మూటలు, గోడ గడియారం, అన్నీ వీధిలోకి వచ్చాయి. వదినని ఎదురుగా లప్పం బాబాయి ఇంటి అరుగు మీద కూర్చోబెట్టి, మందు ఆరేదాకా లోపలికి రావద్దని గట్టిగా చెప్పాను. మాస్కు వేసుకుని లోపలి గదులు కొట్టడం మొదలుపెట్టాను. గుమ్మం బయట మా అన్నయ్య నిలబడలేకపోతున్నాడు.

"ఆ మూల ఎక్కువ పడింది... కారుతోంది, కారుతోంది! అబ్బా, ఇక్కడ చుక్కలు! చెయ్యి ఒకే వేగంతో పోవాలే, మధ్యలో ఆగుతావేంటి? గోడకి మందు కొడుతున్నావా, చెట్లకి నీళ్లు పెడుతున్నావా?"

"అంత వచ్చినవాడివి నువ్వే కొట్టు!" అని పంపు దింపేశాను.

విసుక్కుని అన్న మాటే అది. కానీ అన్నయ్య చెయ్యి చాపాడు. సూపర్‌వైజర్ మేడమ్ వైపు చూశాను. "పూర్తిగా తొడుగులు వేసుకుంటే, మీరు పక్కనే ఉండి నేర్పిస్తే కొట్టొచ్చు" అంది ఆవిడ. ఆవిడ కళ్లలో కూడా మెరుపు కనిపించింది. అన్నయ్యకి బూట్లు, చేతొడుగులు, మాస్కు, కళ్లజోడు తొడిగాను. గోడకి ఎంత దూరం నుంచి కొట్టాలో, పట్టీ పక్కన పట్టీ ఎలా కలవాలో చూపించాను. అంతే, మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఎన్నో ఏళ్లుగా గోడల మీద నడిచిన చెయ్యి అది. పైనుంచి కిందికి ఒకే ఊపులో, ఒక్క చుక్క జారకుండా, ఎక్కడా ఖాళీ వదలకుండా పంపు సాగిపోతుంటే, కిటికీ దగ్గర జనం ఊపిరి బిగబట్టి చూశారు. నమూనా గోడ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఒక్క క్షణం ఆగాడు. కళ్లజోడులోంచి కళ్లు కనపడలేదు. తర్వాత దాన్ని కూడా కొట్టేశాడు.

కిటికీ దగ్గర ఈలలు! "మా ఇల్లు నేనే కొట్టుకుంటా!" అన్నాడు లప్పం బాబాయి. "నా తర్వాతే నువ్వు!" అని పక్కింటాయన. పంపు కోసం లాగులాట మొదలైంది. మందు కొట్టించుకోమని ఇంటింటికీ తిరిగి బతిమాలిన నేను, ఆ రోజు వీళ్లని వరసలో నిలబెట్టలేక చచ్చాను. జట్టులో ఒక్కొక్కరిని ఒక్కో ఇంటికి కాపలా పెట్టి, తొడుగులు లేనిదే పంపు ముట్టుకోనివ్వనని బెదిరించాను. ఎవరు మరక పడకుండా కొట్టగలరో అని పందేలు కాసుకుంటున్నారు. సూపర్‌వైజర్ మేడమ్ మీటింగులో అన్న మాట తనే వెనక్కి తీసుకుని, నా చేతిలో మంచినీళ్ల సీసా పెట్టింది.

కాంట్రాక్టరు వచ్చేసరికి మందు ఆరింది. ఆయన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నమూనా గోడ ముందు నిలబడి కళ్లు చిట్లించాడు. లేత నీలం మీద సన్నటి తెల్ల పొర.

"ఏంటయ్యా మేస్త్రీ, సున్నం వేసినట్టుంది? అద్దంలా ఉంటుందన్నావు?"

"దోమల మందు సార్. పొద్దునే కొట్టాం. కింద రంగు అలాగే ఉంది."

"ఎలా ఉందో చూడనీ" అని ఆయన జేబురుమాలు తీసి, సీసాలో నీళ్లతో తడిపి గోడ మీద పెట్టబోయాడు.

అన్నయ్య ఒక్క అంగలో వెళ్లి ఆయన మణికట్టు పట్టేసుకున్నాడు.

 పని ఇచ్చేవాళ్ల ముందు నడుం వంచడమే గానీ, గొంతు పెంచడం కూడా ఎరగడు మా అన్నయ్య. కాంట్రాక్టరు మొహం ఎర్రబడింది. "గోడ చూపించమంటే చెయ్యి పట్టుకుంటావేంటి?"

"తుడవొద్దు సార్." అన్నయ్య చెయ్యి వదల్లేదు. "పలక మీద వేసి చూపిస్తా, చెక్క మీద వేసి చూపిస్తా, మీరెక్కడ చెబితే అక్కడ వేసి చూపిస్తా. ఈ గోడ మాత్రం ముట్టుకోవద్దు."

"రుమాలంత చోటయ్యా!"

"పోయినసారి మా పాప పోయింది సార్" అన్నాడు అన్నయ్య. "మలేరియా వచ్చి. ఆ మందు మీద రంగు వేసి మూసేసింది నేనే. ఈ చేత్తోనే."

 పాప పోయిన మర్నాడే నిచ్చెన భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడని, రాయిలాంటి మనిషని అందరం అనుకున్నాం. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరి ముందూ ఆయన నోట పాప అనే మాట రాలేదు. ఎదురింటి అరుగు మీద వదిన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆవిడకి వినపడింది.

కాంట్రాక్టరు రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. చెడ్డవాడేం కాదు. "నాకు రేపటికల్లా ఖాయం చెయ్యాలి మేస్త్రీ. గోడ చూడకుండా పైవాళ్లకి ఏం చెప్పను?" అన్నాడు. వీధిలో మిగతా ఇళ్లకి కూడా వెళ్లి చూశాడు. లప్పం బాబాయి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడి "గోడకి దూరంగా ఉండి చూడండి సార్" అన్నాడట. ఆ వీధిలో ఆ రోజు తడమడానికి ఒక్క గోడ కూడా దొరకలేదు. హోటలు పని వేరే ఊరి మేస్త్రీలకి వెళ్లింది.

ఆ నష్టం చిన్నదేం కాదు. చాలా రోజులు అన్నయ్య దొరికిన చిన్నా చితకా పనులకే వెళ్లాడు. వీధిలో కొందరు నన్ను చూసి మూతి ముడిచారు కూడా. కానీ ఎవరూ గోడకి బ్రష్ పెట్టలేదు. తమ చేత్తో అంత నున్నగా కొట్టుకున్నదాని మీద ఇంకో కోటు వెయ్యడానికి వాళ్లకి ప్రాణం ఒప్పలేదు. వానలు కురిశాయి, ఆగాయి, మళ్లీ కురిశాయి. వదిన చెయ్యి కాస్త వెచ్చగా అనిపించినా అన్నయ్య రక్తపరీక్షకి పరిగెత్తించేవాడు. ప్రతిసారీ ఏమీ లేదనే వచ్చేది. ప్రతిసారీ ఆయన మళ్లీ ఒకసారి చూడమని వాళ్లని విసిగించేవాడు.

వదినకి నొప్పులొచ్చిన రోజు నేను పంపుతో పనిలో ఉన్నాను. బూట్లు కూడా విప్పకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. వరండాలో అన్నయ్య గోడకి ఆనుకుని, ఎదుటి గోడనే చూస్తూ నిలబడి ఉన్నాడు. తలుపు అవతల నుంచి ఒక ఏడుపు వచ్చింది. ఏడుపు అంటే అలాంటిలాంటిది కాదు, కొళాయి దగ్గర పోట్లాటకి వచ్చినట్టు కీచుమని కేకలు.

నర్సు తలుపు తీసి "ఆడపిల్ల" అంది.

"జ్వరం ఉందా?" అన్నాడు అన్నయ్య.

"ఎవరికి?"

"ఇద్దరికీ."

నర్సు ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఇద్దరికీ లేదు. తల్లి బాగుంది, బిడ్డ బాగుంది. గొంతు వినపడట్లేదా?"

అన్నయ్య అక్కడే నేల మీద చతికిలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. దారిన పోయేవాళ్లు ఏదో జరగరానిది జరిగిందనుకుని ఆగి జాలిగా చూస్తున్నారు. "ఏం కాలేదండీ" అని వాళ్లకి నేను చెబుతున్నాను, నేనూ ఏడుస్తూనే. "పాప పుట్టింది. మాకు పాప పుట్టింది."